మాల్బెక్‌కు సన్మానం

“ఇవాళ వడగళ్లు పడతాయి, చూస్తూ ఉండండి” అన్నాను.

పొద్దున్నే మాతే ఆకు టీ తాగుతూ అన్న మాట అది. అప్పటికి ఆకాశంలో మేఘం తునక కూడా లేదు. పడమటి కొండల మీద మంచు కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది. మా ఆయన ఎవారిస్తో తల ఎత్తలేదు. మా అమ్మాయి మికాయెలా ఎత్తింది.

“అమ్మా, నువ్వు నోరు తెరిస్తే అపశకునమే. ఇవాళ ఒక్కరోజు ఊరుకోకూడదూ?”

“నేను ఊరుకుంటే పడవా ఏంటే?”

“పడితే పడనీ. సాయంత్రానికి సంతకం అయిపోతుంది. ఆ తర్వాత పడే వడగళ్లన్నీ కంపెనీవాళ్లవే.”

మా ఇంటి వెనక ఉన్న మాల్బెక్ అనే వైన్ ద్రాక్షతోట ఎవారిస్తో తాతగారు వేసింది. దాన్ని తీసేసి, చుట్టూ గోడ కట్టి, లోపల విల్లాలు లేపుతామని ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి ఏడాదిగా తిరుగుతోంది. మికాయెలా ఉద్యోగం ఆ కంపెనీలోనే. అమ్మేద్దామని అందరికంటే ముందు అన్నది మాత్రం నేను. మాల్బెక్‌ను పెంచడమంటే రోగిష్టి బిడ్డను పెంచడమే. వసంతంలో కాస్త చలేస్తే పూత రాలిపోతుంది. కొండల మీంచి వేడి సోందా గాలి వీస్తే లేత ఆకు మాడిపోతుంది. ఆ రెండూ దాటితే ఎండాకాలం పొడుగునా వడగళ్ల భయం. తీగల మీద వలలు కట్టే స్తోమతు మాకెప్పుడూ లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఆకాశం చూడకుండా ఒక్క ముద్ద తినలేదు. టౌన్లో మూడో అంతస్తులో ఫ్లాటు చూసి పెట్టింది మికాయెలా. మా కప్పు మీద ఇంకొకరి ఇల్లు ఉంటుంది. ఏం పడినా ముందు వాళ్ల మీద పడుతుంది.

ఎవారిస్తో మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఆయన మౌనాన్ని కంపెనీవాళ్లు అంగీకారం కింద రాసుకున్నారు.

సంతకం ఊరికే పెట్టించుకుంటే ఏం బాగుంటుందని, మాల్బెక్‌కు పండగ చేస్తామన్నారు. అది కోతల పండగ వారం. మా రాష్ట్రంలో పండగ ముందు, కోత తర్వాత. టౌన్లో రాణి కిరీటాలు పెట్టుకున్న ఆడపిల్లలు బళ్ల మీద ఊరేగుతూ జనం మీదికి గుత్తులు విసురుతుంటారు. ఇక్కడ మాల్బెక్ ఇంకా తీగ మీదే వేలాడుతూ ఉంటుంది. బిడ్డ కడుపులో ఉండగానే బారసాల చేసినట్టు ఉంటుంది నాకు.

మధ్యాహ్నానికి తోటలో తెల్లగుడ్డ పరిచిన బల్లలు వేశారు. విల్లాలు ముందే బుక్ చేసుకున్న దంపతులు కార్లు రోడ్డు వారన వరసగా పెట్టి వచ్చారు. గడ్డిలో ఒక ఎత్తు బల్ల మీద రాబోయే కాలనీ బొమ్మ పెట్టారు. అట్టముక్కలతో ఇళ్లు, అద్దంతో ఈతకొలను, మా తోట ఉన్నచోట స్పంజితో చేసిన చెట్లు. పైన పేరు: ‘పాత మాల్బెక్’.

కంపెనీ పెద్దాయన ఫూనెస్ గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు. “మాల్బెక్ అంటే పంట కాదు, కవిత్వం. ముక్కు దగ్గర పెట్టుకోండి. వయొలెట్ పూల వాసన తగులుతోందా? ఆల్‌బుకరా పండు, కాస్త చాక్లెట్, వెనకాల ఈ నేల ఆత్మ!”

అందరూ ముక్కులు పెట్టారు. ఎవారిస్తో తన గ్లాసు దగ్గరకు లాక్కుని, ఎప్పట్లాగే సోడా సీసా మీట నొక్కాడు. బుస్సుమంది. నల్లటి వైన్ గులాబీరంగులోకి తిరిగింది.

“నాన్నా!” అంది మికాయెలా పళ్ల మధ్య నుంచి.

“ఎండగా ఉందే” అన్నాడాయన.

ఫూనెస్ పగలబడి నవ్వాడు. “దొన్ ఎవారిస్తో ఏం చేసినా అందమే! ఈయనే అసలైన మాల్బెక్ సంరక్షకుడు!” అంటూ ఆ మాటే చెక్కిన ఇత్తడి పలక ఆయన చేతిలో పెట్టి ఫోటో తీయించాడు. దాన్ని కాలనీ గేటుకు బిగిస్తారట. గేటు దగ్గర ఒక వరస తీగలు కూడా ఉంచుతారట, అందానికి.

పట్టుచొక్కా వేసుకున్న ఒకావిడ నా పక్కనే తీగ నుంచి పండు తెంపి నోట్లో వేసుకుంది. మొహం చిట్లించి గింజలు ఉమ్మేసింది. “అయ్యో, పులుపు.”

నా పిల్లను చూసి బక్కగా ఉందేమిటి అన్నట్టు గుచ్చుకుంది నాకు. “గింజ ఇంకా పచ్చిగా ఉంది కదమ్మా. గోధుమరంగుకు తిరగాలి. చిన్న పండు, పల్చటి తోలు, దానికి తొందరపెడితే కోపం. కోతకు వచ్చాక తిని చూడండి, వేళ్లకు పట్టిన రంగు ఆదివారం చర్చి పూజదాకా పోదు.”

“కోత ఎక్కడిదండీ? సోమవారం యంత్రాలు వస్తున్నాయిగా.”

నేను ఫూనెస్‌ను అడిగాను. “పంట తీగ మీద ఉండగానేనా అయ్యా?”

“దాని నష్టం కూడా కలిపే ఇస్తున్నాం సెన్యోరా. మీరింక బెంగపడాల్సింది ఏమీ లేదు!”

బెంగపడాల్సింది ఏమీ లేదని నాకు ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. అమ్మేద్దామన్నది నేనే కనక తల పక్కకు తిప్పుకున్నాను.

అప్పుడు దక్షిణాన చూశాను. మేఘం నీటి మేఘంలా లేదు. కడుపు దగ్గర తెల్లగా, అంచుల్లో ఆకుపచ్చగా, కదులుతున్న గోడలా వస్తోంది. వడగళ్లు కట్టకుండా మేఘాల్లో మందు చల్లే విమానం ఎక్కడో గుర్రుమంటోంది.

“ఎవారిస్తో!”

“చూశాను.”

ఆ తర్వాత నేనేం ఆలోచించలేదు. మాంసం కాలుస్తున్న పొయ్యి దగ్గరికి పరిగెత్తి, పార నిండా వేడి బూడిద ఎత్తుకున్నాను. వడగళ్లు దారి మళ్లాలని మా అత్త చేసేది, ఆమె అత్త చేసేది. గడ్డి మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత పోయాలి. ఖాళీగా ఉన్న చోటు ఆ కాలనీ బొమ్మ ముందే. గాలికి బూడిద లేచి పట్టుచొక్కాల మీద పడింది.

“అమ్మా, పిచ్చెక్కిందా నీకు? అందరూ చూస్తున్నారు!”

“చూడనీ. గొడ్డలి ఏదే?”

“అమ్మా!”

కట్టెల దగ్గర ఉన్న గొడ్డలి ఎవారిస్తో తెచ్చి నా చేతికిచ్చాడు. శిలువ మధ్యలో, మేఘం వైపు పదును పెట్టి, బలం కొద్దీ నేలలోకి దిగ్గొట్టాను. ఆ అదురుకు బల్ల కదిలి స్పంజి చెట్లు రెండు ఎగిరి ఈతకొలనులో పడ్డాయి.

ఎవరో చప్పట్లు కొట్టారు. అది కూడా కార్యక్రమంలో భాగం అనుకున్నారు. “ఎంత అచ్చమైన సంప్రదాయం!” అని ఫూనెస్ ఫోటో తీసుకున్నాడు.

చప్పట్లు ఆగకముందే చప్పుడు మొదలైంది. అందరూ బల్లల కిందికి దూరారు. వడగళ్లు కోడిగుడ్లంత ఉన్నాయి. కానీ మాకు వినిపిస్తోంది ఆకుల మీద చప్పుడు కాదు, రేకు మీద చప్పుడు. వడగళ్ల వాన ఎప్పుడూ పట్టీలాగే వెళ్తుంది. ఆ పట్టీ సరిగ్గా రోడ్డు వెంబడి పోయింది. కార్ల అద్దాలు ఒక్కొక్కటే భళ్లుమన్నాయి. మా తోటలో రోడ్డువైపు ఉన్న చివరి వరసలకు మాత్రమే తగిలింది. నా గొడ్డలి వల్లనో, గాలి మళ్లడం వల్లనో నాకు తెలియదు.

ఆగాక ఫూనెస్ బల్ల కింద నుంచి బయటికొచ్చి, ముందు తన కారు చూసుకున్నాడు, తర్వాత మా తోట చూశాడు. మొహాన నవ్వు తెచ్చుకున్నాడు.

“చూశారా, దేవుడు మన నేలను ఎలా కాపాడాడో! ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. దొన్ ఎవారిస్తో, ఇక్కడొక సంతకం.”

మికాయెలా కాగితం చాపింది. దాని ఉద్యోగం ఏమవుతుందోనని నాకు అప్పుడే దిగులు మొదలైంది.

ఎవారిస్తో పెన్ను తీసుకోలేదు. నా వైపు తిరిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తోట సంగతి ఆయన నన్ను అడిగింది లేదు.

“నువ్వు చెప్పు ముసలీ. ఏం చేద్దాం?”

అందరూ నన్నే చూశారు. ఆకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. బూడిదలో పడిన మంచుగడ్డ ఒకటి బుసబుసమంటూ కరుగుతోంది. ఫూనెస్ గడియారం చూసుకున్నాడు. మికాయెలా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. పట్టుచొక్కా ఆవిడ జుట్టులో బూడిద దులుపుకుంటూ మొగుడితో ఏదో గొణిగింది, ఆయన ష్ అన్నాడు. రోడ్డు మీద కారు అలారం ఒకటి మోగీ మోగీ దానంతటదే ఆగిపోయింది. ఎవారిస్తో నన్ను తొందరపెట్టలేదు. నేను రోడ్డువైపు వరసలకేసి చూస్తూ నిలబడ్డాను. గుత్తుల్లోంచి నల్లటి రసం బొట్లుబొట్లుగా నేలకు దిగుతోంది.

“పగిలిన పళ్లు అలా వదిలేస్తే రేపటికి బూజు పక్క వరసకు ఎక్కుతుంది” అన్నాను చివరికి. “ఆ పెన్ను లోపల పెట్టి కత్తెరలు పట్రా, మికా.”