యాభై బేసిసంఖ్యలు

2009లో నా పొగరంతా నా చేతివేగంలోనే ఉండేది. ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ, ఇంటిగ్రేషన్ ఇస్తే పక్కవాళ్లు పెన్ను మూత తీసేలోపు జవాబు చెప్పేదాన్ని. సాయంత్రాలు ఉప్పల్‌లో దామోదరన్న కోచింగ్ సెంటర్లో షార్ట్‌కట్లు నేర్పేదాన్ని. ఆప్షన్లలో విలువలు వేసి చూడు, కుదరనివి కొట్టెయ్, మిగిలిందే జవాబు. ఆ ధీమాతోనే లెక్కల్లో ఎమ్మెస్సీ చేరాను.

మొదటి టెస్టులో, బేసిసంఖ్య వర్గం బేసిసంఖ్యే అని నిరూపించమన్నారు. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను. ఒకటి నుంచి తొంభైతొమ్మిది దాకా యాభై బేసిసంఖ్యల వర్గాలూ వరసగా రాసేశాను. క్లాసు చెప్పే ఫణీంద్ర సార్ సున్నా వేశారు.

"ఒక్కటైనా తప్పుందా సార్?"

"లేదు."

"మరి ఇంకెన్ని చూడాలి?"

"ఒక్కటీ చూడక్కర్లేదమ్మా."

ఒళ్లు మండింది. చూడకుండా ఎలా తెలుస్తుంది? నాచారంలో బస్సు దిగి ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. ఎంత బుర్ర చించుకున్నా అంతు చిక్కలేదు. రెండు వారాలు క్లాసులో వెర్రిదానిలా కూర్చున్నాను.

"ఎందుకే రాణీ గీ లొల్లి?" అన్నాడు దామోదరన్న. "గా చదువు ఇడిసిపెట్టు. సోమవారం సంది పొద్దంతా మన దగ్గర్నే చెప్పు."

శనివారం రెండో టెస్టు రాసి చెప్తానన్నాను. అదీ పోతే ఎమ్మెస్సీ మానేద్దామనే అనుకున్నాను. ఆ మాట అనుకున్నప్పుడు ఏడుపొచ్చింది.

శనివారం ప్రశ్న తిరగేసి ఇచ్చారు. ఒక సంఖ్య వర్గం సరిసంఖ్య అయితే, ఆ సంఖ్య కూడా సరిసంఖ్యే అని నిరూపించాలి. ఈసారి ఒక్క ఉదాహరణా ఇవ్వకుండా ఐదు వాక్యాలు రాశాను. ఒప్పో తప్పో తెలియలేదు. ఆప్షన్లు లేవు, వెనక జవాబుల పేజీ లేదు. కాగితం ఇవ్వబోతూ సార్‌నే అడిగాను.

"కరెక్టేనా సార్?"

"నన్నెందుకు అడుగుతావు? అంతా నీ చేతిలోనే ఉందిగా. చదువుకో."

బల్ల దగ్గరే నిలబడి చదివాను. మొదటి వాక్యం సరే. రెండోదీ సరే. మూడోది "ఆ సంఖ్య సరిసంఖ్య కాబట్టి" అని మొదలైంది. తేల్చాల్సింది అదే. దాన్నే ముందుగా ఒప్పేసుకుని మిగతాదంతా అల్లేశాను. దిద్దుకుందామంటే గంట కొట్టేశారు. కాగితం ఇచ్చేసి తిన్నగా ఉప్పల్ వెళ్లాను.

"సోమవారం సంది పొద్దంతా చెప్పనీకి రానన్నా," అన్నాను.

"టెస్టు మంచిగ రాసినవా?"

"సున్నా అస్తది."

"మరింకేంది?"

"గీసారి సున్నా నేనే ఏసుకున్న."