కొత్త చెప్పులతో బొంబాయి

ఆ రోజు తల వంచింది కృపమ్మేనా, లేక వెనక నిలబడిన వాళ్లమ్మ హన్నమ్మత్త చెయ్యి ఆ తలను వంచిందా, పందొమ్మిదేళ్లుగా ఎవరినీ అడగలేకపోయిన మాట ఇది, ఆళ్లగడ్డ చర్చిలో అయ్యగారు ఈ మనుష్యుని భర్తగా అంగీకరించుచున్నావా అన్నప్పుడు నేను వినాలనుకున్నది ఒక్క ఊ, అది వినబడలేదు, ముసుగు మీద అత్త గాజుల చప్పుడే వినబడింది, ఇప్పుడు ఈ ఎనభై రెండో సంవత్సరం వేసవిలో, నంద్యాలలో మా దూది మిల్లు మూసిన నెలలో, బొంబాయి రెండంతస్తుల బస్సు పైభాగాన అదే కృపమ్మ నా పక్కన కూర్చుని, మామా, ఈడ ఇండ్ల మీద ఇండ్లుండాయి, వానొస్తే నీళ్లు యాడికి పోతాయి అంటోంది, సముద్రంలోకే అన్నాను, దానికీ నవ్వింది, ఆ నవ్వు చూసి ఈ రోజు అడిగేయాలనుకున్నాను, ఊళ్లో ఎక్కడ అడుగుతాను, ఇంట్లో పిల్లలు, చర్చిలో ఆమె ఆడవాళ్ల చాప మీద నేను మగవాళ్ల చాప మీద, ఇక్కడైతే మన మాట తెలిసినవాడు లేడు, కానీ అడిగితే, లేదు మామా, నాకు ఇష్టం లేకుండింది అంటే, తిరుగు రైల్లో ఆమె పక్కన ఎట్లా కూర్చోవాలి, ప్రభువా, తెలుసుకోవాలనుకోవడం కూడా దురాశేనా.

రేవులో మూటలు మోసే బావమరిది ఏలీయా కాగితం మీద రాసిచ్చిన వరసలోనే అన్నీ చూశాం, అద్దాల వెనక చేపలు, కొండ మీద తోట, చివరికి గేట్‌వే దగ్గర ఓడలు, నంద్యాల స్టేషను కంటే పొడుగు, అలవాటు కొద్దీ నేను ముందు నడుస్తున్నాను, తొందరగా రా అంటే, వస్తాండాలే మామా, ఓడలు యాడికీ పోవులే అంది, తిరిగి చూస్తే సముద్రం గోడ మీద కూలబడి ఉంది, నంద్యాల బజారులో నేను కొనిచ్చిన తోలు చెప్పుల పట్టీల కింద నెత్తురు, రెండు మడమలకూ, ఏమ్మే, పొద్దున్నే చెప్పకూడదా అన్నాను, చెప్తే ఇంటికి మళ్లిస్తావు, నేను ఓడ చూడొద్దా, అయినా నువ్వు మురిసిపోయి కొన్న చెప్పులాయె.

ఆ మడమ చూస్తుంటే నా మడమే గుర్తొచ్చింది, పెళ్లయిన నెలలోనే దిగుడుబావి నీళ్లు తాగిన పాపానికి నాకు నారికురుపు లేచింది, కాల్లోంచి బయటికొచ్చిన దారం లాంటి పురుగును పుల్లకు చుట్టి రోజుకు వేలెడే లాగాలి, తెగితే కాలు వాచి చీము పట్టి మనిషే పోవచ్చు, మొగుడి ముఖం కూడా సరిగా చూడని ఆ పిల్ల నెలరోజులు నా కాలు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా చుట్టేది, నొప్పికి నేను కసిరేవాణ్ణి, మానిన రోజు పనికి పోయాను, అంతే, ఒక్క మంచి మాట అనలేదు, ఇప్పుడు గోడ మీద ఆమె పక్కన కూర్చుని అడిగేశాను, చర్చిలో ఆ పొద్దు నీకు ఇష్టమేనా, లేక అత్త నీ తల వంచిందా, ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది, అమ్మ చెయ్యేసింది నిజమే, సిగ్గుతో నా మెడ కొయ్యబారిపోయిందని వేసింది, ఇష్టం లేకుంటే నీ కాల్లో పురుగును ఒక్క లాగుడుకు తెంపేసి ఉయ్యాలవాడకు మా అమ్మింటికి పోయుండేదాన్ని కాదా, ఇదేందీ మామా, ఇన్నేండ్లు దీన్ని మోస్తాండావా.

మరచెంబులో నీళ్లున్నాయి, నేల మీద కూర్చుని ఆమె కాలు నా ఒళ్లోకి తీసుకున్నాను, వదులు మామా, నలుగురూ చూస్తాండారు, చూడనీలే, కడిగాను, తువ్వాలు అంచు చించి కట్టాను, ఆమె నోటి నుంచి నాకు రావలసిన మాట కోసమే పందొమ్మిదేళ్లు కాచుకున్నాను, నా నోటి నుంచి ఆమెకు పోవలసిన మాట ఒకటుందని తట్టనే లేదు, కృపా, ఆ నెలంతా నువ్వే నన్ను బతికించినావు, అప్పుడే చెప్పాల్సింది అన్నాను, ఆమె ఓడల వైపు చూసి, రెండో కాలు కూడా నా ఒళ్లో పెట్టింది.