అవ్వ గొంతుకు అతుకులు

నాకు ఒళ్ళు మండిపోయింది. హెడ్‌ఫోన్స్ బల్లమీదికి విసిరేశాను.

"అన్నా, ఇది అవ్వ గొంతేనా?"

మా భాషాశాస్త్ర ప్రయోగశాలలో రికార్డింగుల పని చూసే ఆయన్ని అందరం సౌండన్న అంటాం. నలభై దాటిన నెమ్మదస్తుడు. అవ్వ ఆయన అమ్మమ్మే. ఆమె భాషను ఇంట్లో మాట్లాడేవాళ్ళలో చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె పోయి కూడా ఏడాదైంది.

రెండు అచ్చుల మధ్య చిక్కిన హల్లు చాలా భాషల్లో మెత్తబడుతుంది. మనకు కూర, కాయ కలిస్తే కూరగాయ. కొన్ని భాషల్లో ప కాస్తా వ అవుతుంది. అవ్వ భాషలో మరీ చిత్రం, మధ్యలో క వచ్చిందంటే ఉందో లేదో అన్నట్టు కరిగిపోతుంది. ఆ కరగడం మీదే నా ఆరేళ్ళ పరిశోధన. ఎల్లుండి నా పరిశోధనను పరీక్షించే కమిటీకి ఆమె రికార్డింగులు వినిపించాలి. తీరా వింటే ప్రతి క బండరాయిలా ఉంది!

"శుభ్రం చేయమన్నారుగా," అన్నాడు సౌండన్న. "మాట మొదట్లో వచ్చే క ఆవిడ గట్టిగానే పలుకుతుంది. అవి కత్తిరించి మధ్యలో అతికించా. నాలుగు నెలలు పట్టిందమ్మా."

"నేను తీసేయమంది ఫ్యాను చప్పుడు! అసలు రికార్డింగులేవి?"

"చోటు చాలక చెరిపేశా."

చెడగొట్టడానికి ఇంత ఓపికా! కాగితాల నిండా నా రాతలున్నాయి, వినిపించడానికి గొంతే లేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తలొంచుకుని అన్నీ విన్నాడు.

"బళ్ళో నేనట్లా పలికితే నోట్లో ముద్ద పెట్టుకున్నావేంట్రా అని నవ్వేవాళ్ళు. మాస్టారు గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. పెద్దపెద్దవాళ్ళు కూర్చుని వింటారన్నారు కదా, మా అమ్మమ్మ మాట విని ఎవరూ నవ్వకూడదనుకున్నా."

నా కోపం తగ్గలేదు. ఎవరిమీద చూపించాలో మాత్రం తెలియకుండా పోయింది. విసురుగా మైకు ఆయన ముందుకు జరిపాను.

"పోనీ నువ్వు చెప్పు. అవ్వ ఎలా అనేదో అలాగే. ఒక్క మాట చాలు."

ఆయన గొంతు సవరించుకుని, చిన్నప్పుడు ఆవిడ తనను పిలిచిన ముద్దుపేరు చెప్పాడు. మధ్యలో క గట్టిగా పడింది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అంతే. ఏడోసారికి నుదుట చెమట పట్టింది.

"రావట్లేదమ్మా," అన్నాడు. "అలా మెత్తగా పలికే అలవాటు వదిలించుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

కమిటీకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. మైకు ఆపేసి, చాల్లే అన్నా, అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుని ఎనిమిదోసారి మొదలుపెట్టాడు.