విప్పని ఉప్పు పొట్లం

చిట్కుల్‌లో నా కిరాణా కొట్టుకు పేరు తెచ్చింది సౌభాగ్యమ్మ చెయ్యి. ఆమె మా పక్కింటామె. ఆదివారం చర్చి, మిగతా రోజులు డాబా మీద సగ్గుబియ్యం వడియాలు. సరుకు నాది. గంజి కాచి, తడి చీర మీద గరిటెతో పెట్టి ఎండబెట్టడం ఆమెది. లాభం చెరిసగం. ఆ సగంతోనే ఆమె కూతురు క్లారా నర్సింగు చదువుతోంది.

ఈసారి మంచి బేరం తగిలింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహారు కుర్రాళ్ల మెస్సుకు చైత్ర నవరాత్రుల వడియాలు. ఉపవాసంలో వాళ్లు మామూలు ఉప్పు తినరు, సైంధవ లవణమే వేయాలన్నాడు వంట చేసే తివారీ. నచ్చితే దసరా బేరమూ మాకేనట. ఆ ఉప్పు పొట్లం నేనే కొనిచ్చాను.

తెల్లారితే ఉపవాసాలు. సాయంత్రం వడియాల సంచుల కోసం పోతే సౌభాగ్యమ్మ మెట్ల మీద కూలబడి ఉంది. చేతిలో అదే పొట్లం. మూతి విప్పనేలేదు.

"నా చెయ్యి పాడుగాను! రోజూ ఏసే ఉప్పే ఏసిన సాదుల్లన్నా."

దసరా బేరం, క్లారా ఫీజు, రెండూ కళ్ల ముందు తిరిగాయి.

"తిన్నోనికి ఏం తెలుస్తది? ఇచ్చేద్దాం తియ్యి" అన్నాను.

"గట్లనా? నీకిప్పుడు రంజాన్ రోజానే గదా. తెల్వకుండ నీ నోట్ల నీళ్ల చుక్క ఏస్త. అల్లాకు నేను చెప్పుకుంట."

నవ్వొచ్చింది. అలాంటి మాట ఎదురైతే వ్యాపారి సరుకు వెనక్కి తీసుకోవలసిందే.

"మరి రేపు వాళ్లేం తింటరు?"

"ఇంకో బస్తా సగ్గుబియ్యం ఉన్నది గదా, ఇప్పుడే నానబెడ్త. పొద్దుగాల కిచిడీ. మల్ల పెట్టే వడియాలు ఎల్లుండికి ఎండుతయి. నువ్వు పోయి తివారీకి ఉన్నదున్నట్టు చెప్పు. తిట్లు గూడ నువ్వే తిను."

"రోజాల ఏం తినొద్దు చెల్లె."

తివారీ తిట్టనే తిట్టాడు, నా వంతు కాస్త ఎక్కువే. కానీ తెల్లారేసరికి వేయించిన పల్లీలు పట్టుకుని ఆమె పొయ్యి దగ్గరికి వచ్చాడు. కిచిడీ ముద్ద కాకుండా సగ్గుబియ్యం ఎలా కలపాలో చూపించి, గిన్నెలు సైకిలు మీద కట్టుకుపోయాడు. వడియాలు అన్న రోజుకే అందాయి. మామూలు ఉప్పువి నా కొట్లో అమ్ముడుపోయాయి, రంజాన్ పండుగ రోజు మా ఇంట్లో వేయించినవి పోను.

నవరాత్రులయ్యాక తివారీ మళ్లీ వచ్చి సౌభాగ్యమ్మ చేతిలో ఒక ఉప్పు పొట్లం పెట్టాడు.

"దసరాకు, అమ్మా. మూతి నేనే కోసి తెచ్చిన."