కూర్చుని ఎత్తిన రోజు

బరువుల ఇనప ప్లేట్లలో ఎనిమిదోది తుడిచేసరికి చిన్నమ్మలు ఎడమ భుజం మళ్ళీ లాగింది. గుడ్డ పక్కన పెట్టి, కుడి బొటనవేలితో కండని నొక్కి చూసుకుంది. నొక్కినచోట నొప్పి లేదు. అది ఇంకెక్కడో లోపల ఉండి మోచేతి దాకా దిగుతోంది, మళ్ళీ పైకి ఎక్కుతోంది. నిన్న బరువెత్తేటప్పుడు మోచేతులు పక్కలకి వెళ్ళిపోయి ఉంటాయనుకుని తొమ్మిదో ప్లేటు అందుకుంది.

ముంచింగిపుట్టు దాటాక కొండ మలుపులో ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆమె వ్యాయామం టీచరు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే. విజయనగరం దగ్గర పల్లెలో వరినాట్లు వేసే తల్లికి పుట్టింది. పదిహేనో ఏట బరువులెత్తడం మొదలుపెట్టి, రాష్ట్ర పోటీల్లో ఒక్కసారి మూడో స్థానం తెచ్చుకుంది. మోకాలు దెబ్బతిన్నాక ఇక్కడికొచ్చింది. రెండు పెళ్ళి సంబంధాలు వచ్చి, ఆ భుజాలు చూసి వెనక్కి పోయాయి. పాత బియ్యం గోదాములో ఆ ప్లేట్లు తగిలించే రెండు ఇనప బార్లు, ఒక బెంచీ, తుప్పు పట్టనివ్వకుండా రోజూ తుడుచుకునే ఇరవై ప్లేట్లు. ఆమె లోకం అదే.

పొద్దున్న తొమ్మిదైనా మంచు విడలేదు. వంటమనిషి అసిరమ్మ కూరగాయల గంప దించి, గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏటి సిన్నమ్మలూ, ఇంత సలిలో ఆ సెమటేటి?"

"ప్లేట్లు తుడిసినాను కదప్పా."

"మొకం సున్నం కొట్టినట్టుంది. కూరల యాను తిరిగి ఎల్తంది. బేగి ఎక్కు. ఆసుపత్రిలో సూపించుకో."

"భుజం పట్టీసిందంతే. రేపు మన బడి గుంటలకి పోటీల సెలక్సన్లు. ఎల్లుండెల్తాన్లే."

అసిరమ్మ గంప ఎత్తుకుని వంటింటి వైపు వెళ్ళింది. వ్యాను మలుపులు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం నాలుగింటికి పన్నెండుమంది పిల్లలూ గోదాములో వరస కట్టారు. అందరికన్నా ముందు పదో తరగతి హేమలత. పై ఊరి పిల్ల. ఆరేళ్ళప్పటినుంచీ నీళ్ళ బిందె, కట్టెల మోపు నెత్తిన మోసింది. నెత్తిన బరువుంటే ఆ పిల్ల వెన్ను తాడు కట్టినట్టు తిన్నగా ఉంటుంది. అదే బరువు చేతుల్తో పైకెత్తమంటే నడుం వెనక్కి వంగిపోతుంది.

"ఏటే ఆ నడుం? ఆకాశం సూడ్డానికొచ్చినావా?" అంది చిన్నమ్మలు. పిల్లలు కిసుక్కుమన్నారు.

ఖాళీ బారు తనే అందుకుంది. "పిర్రలు బిగించు. పక్కటెముకలు కిందకి దించు. బారు గెడ్డం దాటినప్పుడు తల కొంచెం ఎనక్కి. దాటీసినాక ముందుకి. మోచేతులు బారు కింద ఉండాల."

రెండుసార్లు ఎత్తింది. మూడోసారి ఎవరో ఛాతీ మీద రుబ్బురోలు ఎత్తి పెట్టినట్టయింది. బారు చేతుల్లోంచి జారి నేల మీద ధణేల్మంది. ఈ గోదాములో ఆమె బారు పడెయ్యడం పిల్లలెవరూ చూడలేదు. ఎవరూ నవ్వలేదు.

"సూసినారా?" అంది ఊపిరి కూడదీసుకుని. "మోచేతులు బయిటికెల్తే ఇలాగే అవుద్ది."

ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఒంటికి వచ్చిన ప్రతి నొప్పికీ ఏదో ఒక తప్పు కారణమైంది. పాదం తప్పో, మణికట్టు తప్పో. తప్పు దిద్దుకుంటే నొప్పి పోయేది. తప్పు లేకుండా కూడా నొప్పి రావచ్చునన్న ఆలోచన ఆమెకి ఎప్పుడూ రాలేదు.

"ఇప్పుడు కూకుని ఎత్తడం." బెంచీ వెనక చెక్క నిటారుగా పెట్టించి కూర్చుంది. "నిలబడితే కాళ్ళు సాయం వొస్తాయి. కూకుంటే ఆ సాయం ఉండదు, బరువు తగ్గించాల. వీపు ఆనించాల. పాదాలు నేలకి అదమాల. నడుం దొంగతనం సేస్తే ఇక్కడ దొరికిపోద్ది."

చూపించి లేవాలి. చెక్కకి ఆనిన వీపు లేవనంటోంది. చెయ్యి చల్లగా ఉంది.

"హేమలతా, నువ్వు నా ఎదర నిలబడి ఎత్తు. పది. నేను లెక్కెడతాను. నేను అనకుండా దించకు."

ఒకటి. రెండు. మూడో దానికి నడుం వంగింది. "పక్కటెముకలు" అంది చిన్నమ్మలు, మెల్లగా. నాలుగు. ఐదు. ఆరోసారి పిల్ల వెన్ను మోపు మోసేటప్పటిలా తిన్నగా నిలిచింది.

"అదీ. అలాగే."

ఏడు.

హేమలత ఎనిమిదోసారి ఎత్తి, లెక్క కోసం ఆగింది. లెక్క రాలేదు. చేతులు వణుకుతున్నా దించలేదు. "మేడమ్" అంది. మళ్ళీ అంది.

చిన్నమ్మలు తను చెప్పినట్టే కూర్చుని ఉంది. వీపు చెక్కకి ఆనించి, రెండు పాదాలూ నేలకి అదిమి. గెడ్డం మాత్రం కిందకి వాలింది.

అసిరమ్మ పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సు కొండెక్కి రావడానికి గంట దాటింది. అందులోంచి దిగినాయన మణికట్టు పట్టుకుని చూసి, టైము అడిగి రాసుకున్నాడు. ఆమెని నలుగురు కలిసి ఎత్తారు. మళ్ళీ దిగుతున్న మంచులోకి బండి తలుపులు మూసుకున్నాయి. పిల్లలు ఏడుస్తూ హాస్టలు వైపు వెళ్ళారు.

హేమలత ఒక్కతే మిగిలి, బార్లని స్టాండు మీద పెట్టింది. అప్పుడే కిటికీలో ఏదో మోగింది. సిగ్నలు అక్కడే అందుతుందని మేడమ్ అక్కడ పెట్టుకున్న ఫోను. హేమలత వేలు తగలగానే మోత ఆగి, టీచర్లు రోజూ ముఖం చూపించి వేసే హాజరు పేజీ తెరుచుకుంది. సాయంత్రం హాజరుకి ముఖం గుండ్రంలో ఉంచమని ఫోను అడిగింది. హేమలత దాన్ని ఉన్నచోటే వదిలేసి బయటికి నడిచింది. కిటికీ గట్టు మీద ఫోను వెలుగుతూనే ఉంది, గుండ్రంలో గోదాము కప్పు రేకులు చూపిస్తూ.