పటంలో ఖాళీ పీట

ఐర్లండులో కార్లో అనే ఊళ్లో, శ్యామలాదేవి గారింట్లో పొద్దున్నే కాఫీ అయ్యాక మొదటి పని, హాల్లో పటం కింద రాలిన బంగాళాదుంప తొక్కలు ఊడ్చడం. ఊడ్చేది ఆవిడ కాదులెండి, ఆవిడ నడుం వంగితే కార్లో ఊరే వంగిపోదూ! ఊడ్చేది ఆమని, చిన్న గదిలో అద్దెకుండి చదువుకునే పిల్ల.

అది మామూలు పటమా! ఎవరో జర్మనీ పెయింటరు నూటయాభై ఏళ్ల కిందట నూనె రంగులతో వేశాడు. వంటింట్లో నలుగురు ఆడాళ్లు దుంపలు చెక్కు తీస్తుంటారు. వాడు ఉన్నది ఉన్నట్టు వేసే రకం. గోళ్లలో మట్టి వదల్లేదు, కళ్ల కింద నలుపూ వదల్లేదు. అంత నిజంగా వేస్తే వాళ్లు మాత్రం చేతులు ముడుచుకుని ఎందుకు కూర్చుంటారు? చెక్కుతూనే ఉన్నారు. పాత సామాన్ల వేలంలో ఆ పటం కొన్న దగ్గర్నుంచి ఆ ఇంట్లో దుంపలు కొన్నది లేదు. కార్లో తెలుగోళ్లు తిన్న బజ్జీలన్నీ ఆ చేతులవే. వెళ్లి అడగండి, ఇంకా తేన్పులొస్తున్నాయంటారు.

దసరా ముందు పటంలో ముసలావిడ దగ్గి దగ్గి పీట మీంచి ఒరిగిపోయింది. మిగతా ముగ్గురూ మోసుకెళ్లి తలుపు వెనక పెట్టొచ్చి, మళ్లీ కత్తులు పట్టుకున్నారు.

"అయ్యో, నా పేరంటానికి దుంపలు తగ్గిపోతాయే!" అని శ్యామలాదేవి ఏడ్చినంత పనిచేసింది.

తగ్గినవి ఆమని చెక్కింది. గిన్నెలూ తోమింది.

"ఆంటీ, నాకు ప్రాజెక్టు సబ్మిషన్ ఉందండీ."

"చేసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? గది కూడా ఖాళీ చేసి హాయిగా చేసుకో. ఆ గది కోసం ఎంతమంది కాచుకున్నారో!"

ఆమని ఇంకో దుంప తీసుకుంది. ఈ గది పోతే ఆ ఊళ్లో ఇంకోటి దొరకదు. గది లేకపోతే చదువు లేదు, పెట్టె సర్దుకుని ఏలూరు పోవడమే.

పేరంటం రోజు ఆవిడ కుంకుమ భరిణె ఆమని చేతిలో పెట్టింది. "పటంలో వాళ్లనీ బొట్టు పెట్టి పిలువు. మన దుంపలే చెక్కుతున్నారు, పిలవకపోతే బాగోదు. ఎలాగూ రారులే."

ఆమని కుర్చీ ఎక్కి ముగ్గురికీ బొట్టు పెట్టింది. వాళ్లలో పెద్దావిడ చెయ్యి గౌనుకి తుడుచుకుని, అదే భరిణెలో వేలు పెట్టి, తిరిగి ఆమనికి బొట్టు పెట్టింది. ఖాళీ పీట చూపించింది.

"ఆంటీ! నన్ను రమ్మంటున్నారండీ."

"బొట్టు పెట్టి పిలిచాక వెళ్లకపోతే తప్పు కదే! ఓసారి కూర్చునిరా. అందరూ వచ్చేలోపు దిగు, గిన్నెలున్నాయి."

"మళ్లీ రానిస్తారంటారా?"

"ఏం, కట్టేసుకుంటారా? పోనీ వెళ్లకు, గది కూడా వద్దని చెప్పు. ఎక్కు!"

ఆమని చెప్పులు విప్పి ఫ్రేములోకి కాలు పెట్టింది. కూర్చోగానే చేతికి కత్తి ఇచ్చారు. లేవబోతే పీట రంగు అప్పుడే పూసినట్టు తడి, ఒంటికి అతుక్కుపోయింది.

పేరంటాళ్లు వచ్చారు. బజ్జీ కొరుకుతూ గిరిజాకుమారి పటం వంక చూసి, "వదినా, ఆ పిల్ల ఏదో అరుస్తున్నట్టుందే?" అంది.

"అరిస్తే మనకేం వినపడుతుంది, నూనె రంగులాయె! ఇంకో రెండు వేసుకో."

వారం తిరిగేసరికి రంగు ఆరింది. ఆ పెయింటరు ఎక్కడున్నాడో గానీ, ఆమనికీ ఏదీ వదల్లేదు: గోళ్లలో మట్టి, కళ్ల కింద నలుపు, తెరిచిన నోరు.

శ్రీలేఖ అని కొత్త పిల్ల గది చూడ్డానికొచ్చింది. పటం దగ్గర ఆగిపోయింది.

"ఆంటీ, ఈవిడ మన తెలుగమ్మాయిలా ఉందండీ. ఎవరు?"

శ్యామలాదేవి తలెత్తి కూడా చూళ్లేదు.

"ఎవరో జర్మనీ ఆవిడ. రా, గది చూద్దువు గాని."