బొట్టు పెట్టిన డాలర్లు

విదేశంలో డబ్బు వ్యవహారం ఎలా నడపాలో నన్నడగండి. నాచారం నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు. థాయిలాండ్ పోయి, తిని, తాగి, తిరిగి, జేబులోంచి ఒక్క నోటు కూడా తీయకుండా వచ్చాను.

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి. తర్వాత మల్లాపూర్‌లో లేత్ మిషన్ల మధ్య బతుకు గడిపాను. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంటుంది. కొత్త మిషనైనా, కొత్త స్పానరైనా, పసుపూ కుంకుమా పెట్టకుండా ముట్టుకోం. థాయిలాండ్ ఖర్చులకని తెచ్చుకున్న డాలర్లు కూడా కొత్తవే కదా. కీసర గుట్టకు తీసుకుపోయి, రామలింగేశ్వరుడి సన్నిధిలో పెట్టించి, ఇంటికొచ్చాక నా చేత్తోనే నోటు నోటుకూ నాలుగు మూలలా పసుపు రాసి, నోటు మీది దొర నుదుట కుంకుమ బొట్టు పెట్టాను. పెళ్లికొడుకులా ఉన్నాడు.

నాతో, నా భార్య శారదమ్మతో పాటు వచ్చినవాడు మా పక్కింటి విజయభాస్కర్. బ్యాంకులో పనిచేసి రిటైరైన కోస్తా ఆయన. భార్య కమలకుమారికి మోకాళ్ల నొప్పులని ఆయన ఒక్కడే బయలుదేరాడు. విమానం ఎక్కకముందు నుంచే నాకు క్లాసు పీకాడు. ఎయిర్‌పోర్టులో డబ్బు మారిస్తే ముంచేస్తారట, చేతిలో నోట్లు ఉండటం మోటు పద్ధతట, కార్డు ఒక్కటుంటే ప్రపంచం సలాం కొడుతుందట. రోమింగ్ దండగని తన ఫోన్ కమలకుమారి దగ్గరే వదిలి, అక్కడ దిగాక వేరే ఫోన్‌లో ఆ దేశపు సిమ్ వేశాడు. ఇంత తెలివిని ఒకే తలకాయలో పెట్టుకుని ఎలా నిద్రపోతాడో నాకు అర్థం కాదు.

ఈ ప్రయాణంలో మా శారదమ్మకు ఉన్న కోరిక ఒక్కటే. పడవకు తాడు కట్టి, పారాచూట్‌తో సముద్రం మీద మనిషిని ఎగరేస్తారు చూడండి, అది ఎక్కాలి. ఏడాది నుంచి ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తోంది. గుళ్లు చూద్దామంటే వద్దంది, చీరలు కొందామంటే వద్దంది. నాతో కాపురం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె తనకోసం ఫలానాది కావాలని అడగడం అదే మొదటిసారి.

పటాయా తీరానికి ఆఖరి రోజున చేరాం. తిండీ తిరుగుడూ టూరు ప్యాకేజీలోనే కాబట్టి, అప్పటిదాకా డబ్బు తీసే పనే పడలేదు. టూరు గైడు గుంపులో మిగతావాళ్లను మార్కెట్‌కు తీసుకుపోయాడు. పడవ టిక్కెట్లు అమ్మే పిల్ల, గాలి మారుతోంది, ఇక పోయేది ఒక్క పడవే అంది. శారదమ్మ అప్పటికే చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది.

నేను దర్జాగా నోటు తీసి, పక్కనే ఉన్న డబ్బు మార్చే కొట్టులో ఇచ్చాను. లోపలి మనిషి నోటును వెలుతురుకు పట్టి చూసి, వేలితో బొట్టు గీకి, చేతులు జోడించి వెనక్కిచ్చాడు. రెండోది ఇచ్చాను. మళ్లీ చేతులు జోడించాడు. మరకలున్న నోట్లు తీసుకోరట. దేవుడి దగ్గర పెట్టినవని సైగలతో చెప్పాను. అతను మరింత భక్తిగా దండం పెట్టాడు గానీ డబ్బు మాత్రం ఇవ్వలేదు.

నా ఫోన్ తీసి స్కానర్ మీద పెట్టాను. ఉప్పల్‌లో మక్కకంకి కొన్నా పనిచేసే ఫోన్ అక్కడ గిర్రున తిరిగి పడుకుంది. ఇక నోటును కడగడమే దారి అనుకుని కుళాయి దగ్గర సబ్బు రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. మూలల్లో ఉన్న పచ్చదనం పోయి ఎర్రదనం వచ్చింది. దొర ఇప్పుడు హోలీ ఆడి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఏందయ్యా, దేవుని బొట్టును సబ్బుతోని కడుగుతున్నవా?" అంది శారదమ్మ. ఆమె కళ్లు పడవ మీదే ఉన్నాయి.

అప్పుడు విజయభాస్కర్ చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆయన అంతసేపు ఆగాడని నా అనుమానం. కార్డు తీసి, ఆ పిల్ల ఇచ్చిన ట్యాబ్‌లో అంకెలు కొట్టాడు. అది ఓటీపీ అడిగింది. ఓటీపీ నాచారం పోయింది. ఆయన ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"కమలా, నేనే. ఆ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది చూడు, చెప్పు."

"ఎవరండీ మీరు? ఇదేదో విదేశం నంబరు."

"నేనే, విజయభాస్కర్‌ని."

"గొంతు బాగానే దింపావు నాయనా. మొగుణ్ణంటూ ఫోన్ చేసినా సరే చెప్పొద్దని మా ఆయనే చెప్పి వెళ్లారు."

నిజంగానే చెప్పాడు. బయలుదేరే ముందు నా ముందే చెప్పి, మనిషన్నవాడు ఇలా జాగ్రత్తగా ఉండాలని నాకు బోధ కూడా చేశాడు. ఇప్పుడు ఆయన తన పుట్టినరోజు చెప్పాడు. అది ఆధార్‌లో ఉంటుందిగా అంది ఆమె. తోడబుట్టినవాళ్ల పేర్లు చెప్పాడు. ఈ దొంగలు బాగా చదువుకున్నవాళ్లలా ఉన్నారంది. పడవవాడు ఇంజను తిప్పాడు.

శారదమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"వదినా, నేను శారదను. నేను బైలెల్లే ముందు నువ్వు తీస్కపోయిన ఇడ్లీ గిన్నె మూత ఇంకా ఇయ్యలే."

అవతల గొంతు మెత్తబడింది.

"అయ్యో వదినా, మీరు రాగానే ఇచ్చేస్తాను."

"మూత సంగతి తర్వాత సూద్దాం. జర ఆ అంకెలు సెప్పు. నేను మీదికి ఎగరాలె."

పాత అంకెల గడువు తీరిపోయింది. విజయభాస్కర్ మళ్లీ నొక్కాడు, కమలకుమారి కొత్త అంకెలు చదివింది, పడవ ఆగింది. బ్యాంకంతా తలకెక్కించుకున్న మనిషిని సొంత పెళ్లాం నమ్మలేదు గానీ, ఇడ్లీ గిన్నె మూతను నమ్మింది. ఆయన మొహంలో రంగు చూస్తే, నేను సబ్బుతో కడిగిన నోటు గుర్తొచ్చింది.

ఇక మా ఇద్దరినీ తాళ్లకు కట్టి ఎగరేశారు. ఎంత ఎత్తుకు పోయామంటే సముద్రం మా నాచారం చెరువంత అయింది. గట్టిగా చూస్తే కీసర గుట్ట కూడా కనబడేదే, నా కళ్లజోడు కింద ఉండిపోయింది గానీ. శారదమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. కొంగలు మా పక్కనుంచి పోతూ, ఎవరీ ముసలాళ్లని తొంగి చూశాయి.

ఇప్పుడు ఆ నోట్లన్నీ మా దేవుడి గూట్లో ఉన్నాయి. జేబులోంచి ఒక్క నోటు తీయకుండా వచ్చానని మొదట్లో గొప్పలు పోయాను కదా, తప్పు. అన్నీ తీశాను, ఒక్కటీ పోలేదు.

ఇందులో కల్పించింది ఒక్క ముక్కే. కొంగలు కాదు, అవి నిజంగానే చూశాయి. 'మా ఇద్దరినీ' అన్నది అబద్ధం. విజయభాస్కర్ డబ్బు కట్టింది ఒక్క మనిషికి. ఆమె పైన తిరుగుతుంటే నేను కింద ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. దిగాక ఆమె ఏమంటుందా అని చూశాను. చెప్పులు తొడుక్కుని, ఇంకోసారి ఎగరాలంది.